మొండి పొట్టకి చీనా మందు

మన తెలుగువాళ్ళకి కడుపు మీద ఉన్నంత అభిమానం మరే అవయవం మీదా ఉన్నట్టు లేదు. సంతోషమొస్తే కడుపు నిండిపోతుంది. ఎదుటివాళ్ళు బాగుపడితే కడుపు మండుతుంది. బిడ్డ మీద మమకారం కడుపు తీపి. తప్పు చేసినవాణ్ణి క్షమించామంటే కడుపులో పెట్టుకున్నట్టే. పెద్దావిడ దీవించిందంటే కడుపు చల్లగా ఉండాలనే దీవిస్తుంది. ఇన్ని మాటలు దాని పేరున చెలామణీ చేసుకుంటామా, తీరా ఆ కడుపు నిజంగా మొరాయించినప్పుడు మనం చేసే మర్యాద ఏమిటంటే... ఇంత వాము, రెండు ఉప్పురాళ్ళు!

ఒక పూట అజీర్తికి వాము చాలు. పెళ్ళిభోజనం ఎక్కువైతే సోడా చాలు. నేను చెప్పబోయేది మొండి పొట్టల సంగతి. తిన్నది అరగదు, అరిగితే ఆగదు, ఆగితే కదలదు. ఆస్పత్రిలో చేర్చేంత జబ్బూ కాదు, అలాగని వదిలిపోయేదీ కాదు. పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గు. ఏళ్ళ తరబడి ఆ మనిషి పప్పు మానేసి, పులుపు మానేసి, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసి, చివరికి నవ్వడం కూడా మానేస్తుంది. డాక్టర్లు మారతారు, మందుల రంగులు మారతాయి. అప్పుడెవరో ఒకరు దయతలుస్తారు. "చైనా మందు వాడి చూడరాదూ? వేల ఏళ్ళనాటి వైద్యమట!"

ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. చైనా మందు కొత్తగా రావడమేమిటి? అది ఎన్నో తరాల కిందటే వచ్చి, మన పోపులపెట్టెలో పీట వేసుక్కూర్చుంది. అంతేనా, మన మందు కూడా ఏనాడో చీనా వెళ్ళి అక్కడి కడుపుల్లో స్థిరపడింది. ఈ రాకపోకల కథ తెలుసుకుంటే మొండి పొట్టకి మందు దొరుకుతుందో లేదో గాని, మందు విషయంలో మోసపోయే ప్రమాదం మటుకు తగ్గుతుంది.

కథ మొదలెట్టడానికి మలక్‌పేట కన్నా మంచి చోటు లేదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ఉండిన మాలిక్ యాకూబ్ పేరున ఈ పేట వెలిసిందంటారు. 1886లో ఆరో నిజాం గుర్రప్పందేలను మౌలాలీ నుంచి ఇక్కడికి తెచ్చాడు. ఉల్లిపాయల ఘాటుతో గంజ్ వచ్చింది, పెద్ద పెద్ద ఆస్పత్రులు వచ్చాయి, 2018లో మెట్రో రైలు కూడా వచ్చింది. ఇన్ని వచ్చినా, మూసీ అవతలా ఇవతలా పాతబస్తీ వాసన పోని సందుల్లో పన్సారీ దుకాణాలు ఇంకా ఉన్నాయి. గోడ నిండా చెక్క సొరుగులు. సొరుగు లాగితే ఓ వేరు, ఓ బెరడు, ఓ ఎండిన పువ్వు. హకీంగారి చీటీ తీసుకెళితే కాగితప్పొట్లాలు కట్టిస్తారు.

ఆ సొరుగుల పేర్లు ఓసారి విని చూడండి. రేవంద్ చీనీ. చోబ్ చీనీ. కబాబ్ చీనీ. దార్ చీనీ. బాదియాన్ ఖతాయీ. వింటూంటే మలక్‌పేటలో ఉన్నామా, చీనా సరిహద్దులో ఉన్నామా అనిపిస్తుంది.

దార్ చీనీ అంటే పారశీకంలో చీనా చెక్క. ఆ మాటే నలిగి నలిగి మన నోట దాల్చిన చెక్క అయింది. చారులో వేసుకుంటున్నాం, పలావులో వేసుకుంటున్నాం, చీనా మాటని నములుతున్నామని ఏనాడైనా అనుకున్నామా? చీనా వైద్యులు ఈ జాతి చెక్కని కడుపు చల్లబడి నొప్పి పుట్టినప్పుడు, లోపల వేడి రగల్చడానికి వాడేవారు. బాదియాన్ ఖతాయీ అంటే ఖతాయ్ దేశపు సోంపు. ఖతాయ్ అన్నది చీనాకి పాతకాలపు పేరు. ఆ సోంపు మరేమో కాదు, మన బిర్యానీలో నక్షత్రంలా తేలే అనాసపువ్వే. చీనా దక్షిణ ప్రాంతాల చెట్టు అది. అక్కడ కూడా అది ఇటు వంటకీ, అటు కడుపునొప్పికీ పనికొచ్చే సరుకే. చోబ్ చీనీని మనవాళ్ళు పరంగిచెక్క అన్నారు. కబాబ్ చీనీ మాత్రం దొంగపేరు. అది మన చలవమిరియాలు, పుట్టిల్లు జావా దీవి. చీనా సరుకుల సరసన అమ్ముడుపోయి చీనా పేరు తగిలించుకుంది. ఫారిన్ సరుకంటే మోజు ఇవాళ్టిది కాదన్నమాట!

ఇక అన్నిటికన్నా ఘనమైనది రేవంద్ చీనీ. తెలుగు మందుల పుస్తకాల్లో రేవల్చిన్ని. పసుపుకొమ్ముకి అన్నగారిలా ముతగ్గా, పసుపుపచ్చగా ఉండే ఎండువేరు. ఓసారి నేను ఆ వేరు అడిగితే దుకాణంలోని పెద్దాయన వెంటనే తూచలేదు.

"ఎవరికమ్మా?" అన్నాడు.

"మా పక్కింటావిడకి."

"ఈ దుకాణానికి వచ్చేటోళ్ళంత పక్కింటోళ్ళకే కొంటరమ్మా. ఇంట్ల ఎవరికీ కడుపే ఉండదు" అని నవ్వి, ఆ తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. ఎన్ని దినాల నుంచి? రాత్రి నిద్ర ఉందా? రక్తమేమన్నా పడుతోందా? ఆఖరున, "పొద్దున ఎన్ని గంటలకి తింటది?" అన్నాడు. నేను ఆలోచనలో పడ్డాను. మా పక్కింటావిడ ఎన్ని గంటలకి తింటుందో ఆవిడకే తెలీదు. అందరూ తిన్నాక తింటుంది. "అయితే ముందు ఆ టైము సరిజెయ్యమని చెప్పు. వేరు ఎటూ పోదు" అని సొరుగు మూసేశాడు. అమ్ముకునే మనిషి సరుకు అమ్మకుండా పంపించడం ఈ రోజుల్లో వింతే కదూ! ఆయన అడిగిన ప్రశ్న ఎంత పాతదో నాకు తర్వాత తెలిసింది. అదీ చెబుతాను.

రేవల్చిన్ని పుట్టిల్లు చీనా వాయవ్యపు కొండలు, టిబెట్ అంచులు. సుమారు 2 వేల ఏళ్ళనాటి చీనా మందుల గ్రంథంలోనే అది ఉంది. అక్కడివాళ్ళు దీన్ని ముద్దుగా 'సేనాపతి' అంటారు. కడుపులో పేరుకుపోయినదాన్ని ఒక్క దెబ్బకి తరిమేస్తుందని ఆ బిరుదు. పట్టు ప్రయాణించిన దారినే ఒంటెలెక్కి ఈ వేరు పారశీకం చేరింది. మార్కోపోలో 13వ శతాబ్దంలో ఆ కొండల్లో దీని వ్యాపారం చూసి రాసుకున్నాడు. రష్యా చక్రవర్తులు దీన్ని ప్రభుత్వ గుత్తవ్యాపారం చేసుకున్నారు. 1839లో నల్లమందు వ్యాపారాన్ని అణచడానికి కాంటన్ వచ్చిన లిన్ జెషు అనే చీనా అధికారి విక్టోరియా రాణికి ఒక ఉత్తరం రాశాడు. మా టీ, మా రేవల్చిన్ని లేకపోతే మీవాళ్ళు ఒక్కరోజు కూడా బతకలేరన్నది అందులో ఒక మాట. పరదేశీయుల ప్రాణం మలబద్ధకంలో ఉందని ఆయన గట్టిగా నమ్మాడు. పాపం, ఇంగ్లీషువాళ్ళు దానికేమీ జడవలేదు. యుద్ధమే చేశారు. ఆ నల్లమందు పోయింది మన దేశం నుంచే అన్నది వేరే కథ, సిగ్గుపడవలసిన కథ.

పారశీకం నుంచి హకీముల పెట్టెల్లో ఆ వేరు దక్కనుకి దిగింది. తమాషా చూడండి. యునానీ అంటే గ్రీకుదేశపుది అని అర్థం. గ్రీకు పేరున్న వైద్యం, పారశీకపు పేరున్న మందు, చీనాలో పుట్టిన వేరు, ఉర్దూలో చీటీ, తెలుగు కడుపు! ఇంతమంది కలిసి ఒక్క పొట్టని కదిలించడానికి పాటుపడ్డారు. మన హైదరాబాదు కలుపుగోలుతనం గురించి సభల్లో ఉపన్యాసాలిస్తారు గాని, దానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఈ సేనాపతిలో ఒక తిరకాసు ఉంది. ఒకే వేరులో విరేచనం చేయించే పదార్థాలూ ఉన్నాయి, పట్టి ఉంచే వగరూ ఉంది. అందుకని తక్కువ మోతాదులో ఒక తీరు, ఎక్కువైతే ఇంకో తీరు. బాగా మరగబెడితే విరేచన గుణం తగ్గుతుంది. ఇది తెలియకుండా ఎవరికి వారు నూరుకు తాగితే కడుపు శుభ్రం కావడం అటుంచి, రోజూ అది లేనిదే కదలని అలవాటు పడుతుంది. గర్భిణులు అసలు ముట్టుకోకూడదు.

ఇప్పుడు ఎదురుదారి సంగతి. వాళ్ళ సరుకు మనకి వచ్చినట్టే మన సరుకూ వాళ్ళకి వెళ్ళింది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో 3వ శతాబ్దం నాటి ఇక్ష్వాకుల శాసనం ఒకటి ఉంది. బోధిసిరి అనే ఉపాసకురాలు వేయించినది. సింహళ భిక్షువులు బౌద్ధాన్ని చాటిన దేశాల పట్టీలో చీనా పేరు కూడా ఉంది అందులో. ఒక తెలుగు గడ్డ ఆడమనిషి రాయి మీద చెక్కించిన మాట! దారులు తెరుచుకున్నాక సూత్రగ్రంథాలు మాత్రమే నడుస్తాయా? వాటి మూటలోనే సొంఠీ, కరక్కాయా కూడా నడిచాయి.

కరక్కాయ అంటే ఆదిలాబాదు నుంచి పాడేరు దాకా మన అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చే కాయ. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే కాయ. చీనా వైద్యానికి తాతలాంటి జాంగ్ జోంగ్‌జింగ్ 2, 3 శతాబ్దాల మధ్యవాడు. ఆయన పేరున నిలిచిన గ్రంథంలో, గాలితో కలిసి ఆగకుండా పోయే విరేచనాలకి ఒకే ఒక్క దినుసుతో చూర్ణం చెప్పారు. పది కాయల్ని కాల్చి, పొడిచేసి, గంజిలో కలిపి ఒక్కసారిగా తాగాలి. ఆ కాయ పేరు 'హెలిలె'. ఏమిటో గుర్తుపట్టారా? హరీతకి పారశీకంలో హలీలా అయింది, చీనాలో హెలిలె అయింది. అంటే మన కరక్కాయే! ఇవాళ్టికీ మొండి విరేచనాలకి చీనా వైద్యంలో అది పేరున్న మందు. 'చైనా మందు' అని ఎవరైనా ఖరీదైన సీసా ఇస్తే మూత తీసి చూడండి, లోపల కూర్చున్నది మన అడవి కాయే కావచ్చు.

ఇత్సింగ్ పేరు బడిలో చదువుకున్నాం. 671లో చీనాలో బయల్దేరి, నలందలో పదేళ్ళ దాకా ఉండి, 695లో ఇల్లు చేరాడు. పరీక్ష కోసం ఆ ఏళ్ళు బట్టీపట్టాం గాని, ఆయన పొట్ట గురించి కూడా రాశాడని మనకెవరూ చెప్పలేదు. మందుకన్నా ముందు లంఖణం అంటాడు. ఆకలి ఉందో లేదో చూసుకుని తినమంటాడు. కరక్కాయ పైబెరడు, సొంఠి, చక్కెర సమపాళ్ళలో కలిపి చేసే మాత్రలు అజీర్తికీ విరేచనాలకీ మంచివని, వాటికి పథ్యం అక్కర్లేదని, దినుసులు సులువుగా దొరుకుతాయని రాశాడు. మా అమ్మమ్మల కాలంలో అటక మీద సీసాలో ఉండే వ్యవహారమే ఇది! అంత చేసీ, వైద్యం నేర్చుకున్నాను గాని అది నా వృత్తి కాదు గనక వదిలేశానని చెప్పుకున్నాడు. రెండు చిట్కాలు తెలియగానే వైద్యులమైపోయే మనకి ఆ నిజాయితీ కాస్త కావాలి.

అన్నట్టు ఆ చక్కెర సంగతి. హిందీలో పంచదారని చీనీ అంటారు కదా. 647లో చీనా చక్రవర్తి తైజాంగ్ చక్కెర వండే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకి మనుషుల్ని పంపించాడు. మన దగ్గర నేర్చుకున్నారు, పేరు వాళ్ళది నిలిచింది!

సరే, దినుసులు ఎవరివైనా, చీనావాళ్ళ సొంతమైనది ఒకటుంది. అది కడుపు గురించిన వాళ్ళ ఆలోచన. వాళ్ళ లెక్కలో మనిషి నడుమున ఒక పొయ్యి ఉంది. దాని మీద కుండలాంటిది జీర్ణకోశం. పొయ్యి ఆరితే కుండలో కూడు ఉడకదు. మంట మరీ ఎగిస్తే మాడుతుంది. మన జఠరాగ్నికీ మందాగ్నికీ ఇది పినతల్లి బిడ్డే. వంటింట్లో బతికే ఆడవాళ్ళకి ఈ శాస్త్రం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ పొయ్యి మాటకి కన్నీటి కథ ఒకటి ఉంది. 1232లో మంగోలులు కైఫెంగ్ పట్టణాన్ని ముట్టడించారు. అప్పుడు లి దోంగ్‌యువాన్ అనే వైద్యుడు ఆ ఊళ్ళో ఉన్నాడు. ముట్టడి ఎత్తేశాక జనం వేలకు వేలు చనిపోతున్నారు. తక్కిన వైద్యులు బయటినుంచి వచ్చిన జ్వరమనుకుని, చెమటపట్టించే మందులూ విరేచనం మందులూ పోశారు. లి మాత్రం మరోలా ఆలోచించాడు. నెలల తరబడి వేళకి తిండి లేదు, భయంతో నిద్ర లేదు, ఒళ్ళు విరిగే చాకిరీ. పొయ్యి ఆరిపోయిన ఆ కడుపుల్లోకి ఒక్కసారిగా తిండి పడింది. జబ్బు బయట లేదు, లోపలే ఉంది అన్నాడు. అటువంటి కడుపుని తరిమికొట్టే మందుతో కాదు, నిలబెట్టే మందుతో బాగుచెయ్యాలన్నాడు. బలాన్నిచ్చే వేళ్ళతోపాటు ఎండు నారింజ తొక్కకూడా చేర్చి కషాయం కట్టాడు. 1249లో జీర్ణకోశం మీదే ఒక గ్రంథం రాశాడు.

నారింజ తొక్క అంటే చిన్నచూపు చూడకండి. మన అనంతపురం వైపు బత్తాయిని చీనీకాయ అంటారు. తొక్కని మనం సున్నిపిండిలోకో చెత్తబుట్టలోకో పంపిస్తాం. చీనాలో కమలా తొక్కని ఏళ్ళతరబడి దాచి, పాతబడేకొద్దీ ఎక్కువ వెలకి కొంటారు.

లి దోంగ్‌యువాన్ చెప్పిన మూడు కారణాలు మళ్ళీ చదవండి. వేళతప్పిన తిండి, లోలోపలి బెంగ, విరామం లేని చాకిరీ. ఇందులో మంగోలులు ఎక్కడున్నారు? మన ఇళ్ళల్లో ఏ శత్రుసైన్యమూ ముట్టడించకుండానే ఎందరు ఆడవాళ్ళు ఈ మూడింటి మధ్యా బతకడం లేదు? దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరుగంటలకి బస్సెక్కే అమ్మాయి, ఎల్.బి.నగర్ మెట్రోలో నిలబడే టిఫిన్‌డబ్బా మోసే ఇల్లాలు, అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది గోకుకు తినే అత్తగారు. మలక్‌పేట దుకాణంలో ఆ పెద్దాయన "ఎన్ని గంటలకి తింటది?" అన్నాడే, అది ఏడెనిమిది వందల ఏళ్ళకిందట కైఫెంగ్‌లో అడిగిన ప్రశ్నే. సొరుగులో వేరుకన్నా ఆ ప్రశ్నే అసలు మందు.

మరి సూదుల మాటేమిటంటారా? దానికీ కడుపే కారణం! 1971 జులైలో జేమ్స్ రెస్టన్ అనే అమెరికన్ పాత్రికేయుడికి అప్పటి పీకింగ్‌లో అపెండిసైటిస్ ఆపరేషను జరిగింది. సూదులు గుచ్చి, మత్తివ్వకుండా పొట్ట కోశారని లోకమంతా చెప్పుకుంది. అది అబద్ధం. మామూలు మత్తు ఇంజక్షనుతోనే చేశారు. రెండో రాత్రి పొట్ట ఉబ్బి బాధపడుతూంటే అప్పుడు మోచేతి దగ్గరా, మోకాళ్ళ కిందా మూడు సూదులు గుచ్చి, ఒక ఎండు ఆకుని వెలిగించి ఆ వేడిని పొట్టకి దగ్గరగా పట్టారు. గంటలోపల ఉబ్బరం తగ్గిందని ఆయన తన పత్రికలో రాశాడు. ఆ వ్యాసంతో అమెరికా అంతా ఆక్యుపంక్చర్ పిచ్చి పట్టింది. ఆ ఆకు ఏ జాతిదో తెలుసా? వినాయకచవితి పత్రిలో మొదట వేసే మాచిపత్రి జాతిది.

మన దేశానికి ఆ సూదులు అమెరికాకన్నా ముందే వచ్చాయి. 1938లో చీనా సైనికులకి వైద్యం చెయ్యడానికి మన కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లని పంపింది. అందులో కోట్నీస్‌ది తెలుగు పద్మశాలీలు వేలాదిగా స్థిరపడ్డ షోలాపూర్. 1942లో అక్కడే కన్నుమూశాడు. ఆయన తోటివాడు బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చీనా వెళ్ళి ఆ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాకి తెచ్చాడు.

ఇదంతా చదివి, అయితే చీనా వైద్యం గొప్పదేనన్నమాట అని సీసాలకి పరుగెత్తకండి. పాతది కాబట్టి మంచిదనీ, వేరు కాబట్టి హాని లేదనీ అనుకోవడంలోనే ప్రమాదముంది. బ్రసెల్స్‌లో 1990ల మొదట్లో సన్నబడటానికి చీనా మూలికల మాత్రలు వాడి నూరుమందికి పైగా ఆడవాళ్ళు మూత్రపిండాలు పాడుచేసుకున్నారు. ఒక వేరుకి బదులు అలాంటి పేరే ఉన్న ఇంకో వేరు కలవడంవల్ల జరిగిన ఘోరం అది. ఆ విషం ఉన్న జాతి మొక్కలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. పాముకాటుకని నాటువైద్యంలో వాడే ఈశ్వరి, గాడిదగడప ఆ కుటుంబానివే. పరదేశపుదైనా పెరటిదైనా విషం విషమే.

అలాగని పాతదాన్ని పారెయ్యమనీ కాదు. చీనా శాస్త్రవేత్త తు యుయు పాతగ్రంథంలోని ఒక్కమాట పట్టుకుని, మాచిపత్రి జాతి మొక్కలోంచే మలేరియా మందు తీసి 2015లో నోబెల్ బహుమతి అందుకుంది. నమ్మి ఊరుకోలేదు, పరీక్షపెట్టి నిగ్గుతేల్చింది. కడుపుపుండు విషయంలోనూ అంతే. కారం తింటావు గనక, దిగులుపడతావు గనక పుండు పడిందని దశాబ్దాలు తిట్టారు. ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు 1982లో చాలా పుళ్ళకి ఒక సూక్ష్మజీవి కారణమని పట్టుకున్నారు, 2005లో నోబెల్ తీసుకున్నారు. కొన్నివారాల మందుతో పోయే పుండుని ఎందరు ఇల్లాళ్ళు కర్మ అనుకుని మోశారో!

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, మందు ఏ దేశానిదైనా సరే, ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రక్తం పడినా, మలం తారులా నల్లగా ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగుడు పడకపోయినా, నలభై దాటాక కడుపు తీరు కొత్తగా మారినా సొరుగులూ సీసాలూ పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పొట్టజబ్బులకి పరదేశాలనుంచి కూడా రోగులొచ్చే ఊళ్ళో ఉంటూ పక్కింటావిడకని అబద్ధమాడి పొట్లం కట్టించుకోనక్కర్లేదు. వేరే మందులు వాడుతుంటే ఆ మాట డాక్టరుతో దాచకుండా చెప్పాలి.

అవేవీ లేని వట్టి మొండి పొట్ట అయితే, ఇత్సింగ్ చెప్పినట్టు ఆకలి చూసుకుని తినడం, కైఫెంగ్ వైద్యుడు చెప్పినట్టు వేళకి తినడం, తిన్నాక కాసేపు కూర్చోవడం... ఇవి ఏ సొరుగులోనూ దొరకవు, ఏ ఒంటె మీదా రావు. ఇంట్లోవాళ్ళు ఒక్క అరగంట సర్దుకుంటే వస్తాయి. దాల్చిన చెక్క అంత దూరం నుంచి నడిచి రాగలిగింది. వడ్డించే మనిషి వంటింట్లోంచి భోజనాల బల్లదాకా రాలేదా?